తీరగ్రామముల ఇండ్లకు గాలివానకు నిలుచు కిటికీలు

ఇల్లు కట్టుకొనువారు పునాదిని గూర్చి, కప్పును గూర్చి పదిమందిని సంప్రదింతురు. కిటికీల వంతు వచ్చునప్పటికి చేతిలోని సొమ్ము తరిగిపోవును. అంగడిలో ఏది చౌకగా దొరకిన దానిని తెచ్చి గోడలో నిలుపుదురు. లోతట్టు గ్రామములలో ఈ అలవాటు వలన కలుగు నష్టము స్వల్పము కావచ్చును. కాని ఎచ్చెర్ల మండలములో, అందును బుడగట్లపాలెము వంటి సముద్రపుటొడ్డు పల్లెలలో, ఇట్లు చేయుట ఇంటికప్పునే పందెమొడ్డుట యగును.

కిటికీకిని కప్పునకును సంబంధమేమని కొందరు సభ్యులు అడుగవచ్చును. తుపాను గాలి కప్పు మీదుగా పోవునపుడు దానిని పైకి లాగును. కిటికీ రెక్క ఊడినచో అదే గాలి ఇంటిలో జొరబడి, పోవుటకు దారిలేక, కప్పును లోపలినుండి పైకి నెట్టును. ఈ రెండు బలములును ఒకటైనపుడు రేకుల కప్పు నిలుచుట కష్టము. పూర్వము ఈ తీరమున కట్టుకొన్న చుట్టిళ్ళకు గోడలు గుండ్రనివి, వెలుతురు కంతలు చిన్నవి, చూరు నేలకు దగ్గరగా వంగియుండెడిది. ఆ పెద్దలు లెక్కలు వేయలేదు గాని గాలి నైజమెరిగి కట్టిరి. నేడు మనకు వెలుతురు కావలెను, పెద్ద కిటికీలు కావలెను. తప్పులేదు, వానికి తగిన బలమును గూడ ఇయ్యవలెను.

ఆ బలమెంత? గంటకు 180 కిలోమీటర్ల గాలి, అనగా సెకనుకు 50 మీటర్లు, ఎదురుగా తగిలినపుడు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు మోపినట్లగును. భారత ప్రమాణముల సంస్థ వారు విశాఖపట్టణమునకు నిర్ణయించిన గాలివేగము ఇదియే. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీపై ఆ లెక్కన సుమారు 170 కిలోలు పడును. ఇద్దరు మోయు రెండు ధాన్యపు బస్తాలను ఆ రెక్కల మీద మోపినట్లు తలచుకొనవచ్చును. గాలివేగము రెట్టింపైన ఒత్తిడి నాలుగింతలగునని గూడ మరువరాదు.

సముద్రము వైపు కిటికీలను మాత్రమే గట్టిగా పెట్టుకొనిన చాలునను నమ్మకము మన గ్రామములలో ఉన్నది. ఇది పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద, అనగా ఎచ్చెర్లకు నైరుతి దిక్కున, తీరము దాటెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఎచ్చెర్లకు ఈశాన్యమున, పలాస ప్రాంతమున తీరము దాటెను. మన దేశమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కావున తుపాను మనకు నైరుతిగా దాటినపుడు గాలి సముద్రము మీదినుండి వచ్చును. ఈశాన్యముగా దాటినపుడు వాయవ్యమునుండి, నేలవైపునుండి కొట్టును. తుపాను కన్ను గ్రామము మీదుగానే పోయినచో కొంతసేపు గాలి నిలిచిపోయి, పిమ్మట వెనుక దిక్కునుండి విరుచుకొనిపడును. ఇంటికి నాలుగు వైపుల కిటికీలును ఒకే గట్టితనముతో నుండవలెను.

ఇక ఉప్పుగాలి. ఇది తుపాను వలె ఒక్కనాడు వచ్చి పోవునది కాదు. ఏటి పొడుగునను పనిచేయుచుండును. మామూలు ఇనుప చట్రము కొన్నప్పుడు దిట్టముగానే కనబడును. తుప్పు పట్టిన ఇనుము తన పూర్వపు పరిమాణమునకు కొన్ని రెట్లు ఉబ్బును. ఆ ఉబ్బు వలన చుట్టునున్న సిమెంటు పగులును, ఆ పగులులో వాననీరు చేరును, తుప్పు మరింత పెరుగును. ఇనుమే కావలెనన్నచో జస్తు పూత పూసినదానిని కొని, పై రంగును కాలక్రమమున తిరిగి వేయించుచుండవలెను. బాగుగా ఆరిన టేకు నేటికిని మంచిదే. దూలమునకు మిగిలిన వేపకర్ర ఇంటిలో నున్నచో దానిని గూడ వాడుకొనవచ్చును, పచ్చిది మాత్రము పనికిరాదు. ప్లాస్టిక్ చట్రములకు ఉప్పు అంటదు, కాని వాని లోపల నుక్కు పట్టీ ఉన్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. అల్యూమినియపు జరుగు కిటికీలు చూపునకు అందమైనవే గాని, వాని గాడిలో నీరు నిలిచి ఇంటిలోనికి పొర్లును. పలుచని రెక్కలు గాలికి గాడి తప్పును. తీరమునకు బయటికి తెరచు రెక్కలే మేలని మా అభిప్రాయము. ఎదురుగాలి వానిని చట్రమునకే అదిమిపెట్టును.

ఏ కర్రయైనను ఏ లోహమైనను, బిగింపు సరిగా లేనిదే వ్యర్థము. చట్రమును గోడకు పట్టియుంచు ఇనుప పట్టీలను మన మేస్త్రీలు తరచుగా ప్రక్కకు రెండు చొప్పున పెట్టి, చుట్టును ఇటుక ముక్కలతో కూరి పైన గిలాబా చేయుదురు. గిలాబా పడిన తరువాత లోపలి సంగతి ఎవరికి తెలియును? నాలుగడుగుల కిటికీకి ప్రక్కకు మూడు పట్టీలుండుట మంచిది. వానిని 1:2:4 పాళ్ళ కాంక్రీటులో పూడ్చవలెను. సముద్రపుటిసుకను ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. దానిలోని ఉప్పే పట్టీని తినివేయును. బందులకు, గడియలకు, మరలకు ఇత్తడిని గాని స్టెయిన్‌లెస్ స్టీలును గాని కొనవలెను. ఖర్చు కొంత పెరుగును, నిజమే. రెక్కకు క్రింద ఒక గడియ, పైన ఒక గడియ ఉండవలెను. నడుమ ఒక్కటే ఉన్నచో మూలలు విడిపోవును. కిటికీ గట్టు బయటికి వాలియుండవలెను, సన్‌షేడు అడుగుభాగమున నీటిబొట్టు తెగిపడుటకు చిన్న గాడి తీయించవలెను.

అద్దములను చిన్న గళ్ళుగా విభజించిన మేలు. గట్టిపరచిన అద్దము పగిలినను మొద్దు పలుకులుగా రాలును. ఐనను ఎగిరివచ్చు రేకుముక్కకు ఏ అద్దమును ఆగదు. వెలుపల కొయ్య తలుపో, ముందుగా కొలిచి కోసి దాచుకొన్న పలకయో ఉండవలెను. అద్దమునకు అంటించు కాగితపు పట్టీలు ముక్కలు చెదరకుండ కొంత ఆపును గాని పగులుటను ఆపవు.

తుపాను నాడు జనము తలదాచుకొనునది తరచుగా పాఠశాలలోనే. పెక్కు పాఠశాలలలో కిటికీ ఊచలుండును, రెక్కలుండవు. రెక్కలున్నచోట గడియలు తుప్పుపట్టి కదలవు. గులాబ్ తుపాను 2021లో సెప్టెంబరు 26ననే కళింగపట్టణము ప్రాంతమున తీరము దాటినది. కావున అక్టోబరు వచ్చువరకు వేచియుండక, ఆగస్టు నెలలోనే వార్డు సభ్యులు ఒక వడ్రంగిని వెంటబెట్టుకొని పాఠశాల, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయముల కిటికీలను ఒక్కొక్కదానిని మూసి, గడియవేసి, చేతితో గట్టిగా నెట్టి చూడవలెను. కదలిన వాని సంఖ్యను వ్రాసికొని తదుపరి పంచాయతీ సమావేశమున ఆ పద్దును ముందుగా చర్చకు పెట్టవలెను.