సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమంటే?

టోవా పాయోలో కంపెనీ ఇచ్చిన గదిలో ఉంటున్న చెల్లెళ్ళూ, ఉద్యోగం పోయిన రోజే "సాయంత్రానికి ఖాళీ చెయ్యి" అంటే బెదిరిపోకండి. ఉద్యోగంతో వచ్చిన గది ఉద్యోగంతోనే పోతుంది, నిజమే. కానీ వర్క్ పర్మిట్ వాళ్ళకి 2012 నాటి వర్క్ పాస్ నిబంధనల్లో ఒక అండ ఉంది. చట్టప్రకారం జీతం బకాయికో, పనిలో తగిలిన దెబ్బకి పరిహారానికో క్లెయిమ్ పెట్టి ఉంటే, అది తేలి డబ్బు చేతికొచ్చేదాకా మీ బస, తిండి, వైద్యం యజమానే చూడాలి. బకాయి ఫిర్యాదు మాత్రం ఉద్యోగం వదిలిన 6 నెలల్లోపే టీఏడీఎంలో పెట్టాలి.

ఎస్ పాస్ నర్సులూ, మీ కాంట్రాక్టులో బస గురించి ఏం రాశారో ఇవాళే చూసుకోండి. సంతకం అడిగిన ప్రతి కాగితం ఫోటో తీసి ఇంటికి పంపండి (కంగారు పడతారని దాచేది మనమే కదా!). మానవ వనరుల శాఖ ఫోను: 6438 5122.