కాలేయం మారితే మెదడుకేం బాధ?

కాలేయం ఉండేది పొట్టలో, కుడివైపు పక్కటెముకల చాటున. మెదడు ఉండేది కపాలంలో. చెడిపోయిన కాలేయాన్ని తీసివేసి మంచి కాలేయం అమర్చిన పిల్లలలో కొందరికి, ఆపరేషన్ చక్కగా జరిగినా, కొద్దిరోజులకు చేతులు వణుకుతాయి. కొందరికి తలనొప్పి వస్తుంది, చూపు మసకబారుతుంది. మరికొందరికి ఫిట్స్ వస్తాయి. పొట్టలో చేసిన ఆపరేషన్‌కు తలలో బాధ ఎందుకు? ఈ చిక్కుముడి విప్పటానికి మీరు తరగతిలో నేర్చుకున్న పాఠాలే చాలావరకు సరిపోతాయి.

మొదటి ముడి: అమ్మోనియా

ప్రయోగశాలలో అమ్మోనియం క్లోరైడును పొడిసున్నంతో కలిపి వేడిచేస్తే ముక్కు అదిరిపోయే ఘాటు వస్తుంది కదా! ఆ అమ్మోనియాయే మన ఒంట్లోనూ తయారవుతుంది. పప్పు, గుడ్డు, మాంసం వంటి వాటిలోని ప్రొటీన్లు విచ్ఛిన్నమైనప్పుడు అది పుడుతుంది. కాలేయం దానిని యూరియాగా మారుస్తుంది. యూరియా మూత్రంలో బయటికి పోతుంది. ఈ మార్పు ఒక చక్రంలాగా జరుగుతుందని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అనే శాస్త్రజ్ఞులు జర్మనీలో కనిపెట్టారు.

పసితనంలోనే పైత్యరస నాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది. పిల్లలకు కాలేయం మార్చవలసి రావటానికి ముఖ్యకారణం అదే. కాలేయం పూర్తిగా చెడినప్పుడు అమ్మోనియా రక్తంలో పేరుకొని మెదడును చేరుతుంది. అక్కడ నాడీకణాలను అంటిపెట్టుకొని ఉండే నక్షత్రాకారపు కణాలు దానిని గ్లూటమిన్ అనే పదార్థంగా మార్చి తమలో దాచుకుంటాయి. దానితో అవి నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. రోగికి మగత, తికమక కలుగుతాయి. చివరకు స్పృహ కూడా తప్పవచ్చు. అంటే, కొందరు పిల్లల మెదడు ఆపరేషన్‌కు ముందే అలసిపోయి ఉంటుందన్నమాట.

రెండవ ముడి: ఉప్పు

ఎండుద్రాక్షలను మంచినీటిలో వేస్తే ఉబ్బుతాయి. వాటినే చిక్కని ఉప్పునీటిలో వేస్తే ముడుచుకుంటాయి. ఇది ద్రవాభిసరణం. మెదడులోని కణాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కాలేయం చెడినవారి రక్తంలో తరచు సోడియం తగ్గిపోతుంది. అప్పుడు మెదడు కణాలు నీళ్ళలో వేసిన ఎండుద్రాక్షల్లాగా ఉబ్బిపోవాలి. అట్లా ఉబ్బకుండా అవి తమలోని లవణాలను కొన్నిరోజులలో బయటికి పంపివేసి సర్దుకుంటాయి. ఆపరేషన్‌లో రక్తం, సెలైన్ ఎక్కించినప్పుడు సోడియం ఒక్కసారిగా పెరిగిందనుకోండి. సర్దుకొని కూర్చున్న కణాలలోంచి నీరు బయటికి వచ్చేస్తుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే నాడీతంతువుకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఆ తొడుగు, ముఖ్యంగా మెదడు అడుగుభాగాన పాన్స్ అనేచోట, దెబ్బతింటుంది. ఇది అరుదు, కాని ప్రమాదకరం. అందుకే డాక్టర్లు సోడియంను నెమ్మదిగా పెరగనిస్తారు.

మూడవ ముడి: ప్రాణం కాపాడే మందు

1963లో అమెరికాలోని డెన్వర్ నగరంలో థామస్ స్టార్జల్ మొట్టమొదటిసారి మనిషికి కాలేయం మార్చాడు. ఆ రోగి మూడేళ్ళ బాలుడు, ఆపరేషన్‌లోనే మరణించాడు. 1967లో ఆయనే కాలేయం మార్చిన ఒక చిన్నపాప ఏడాదికి పైగా జీవించింది. మన దేశంలో 1998లో ఢిల్లీలో, తండ్రి కాలేయంలో కొంతభాగం తీసి పసివాడికి అమర్చారు. భారతదేశంలో పిల్లలకు జరిగిన మొదటి విజయవంతమైన కాలేయ మార్పిడి అదే.

ఇతరుల కాలేయం ఒంట్లోకి రాగానే తెల్లరక్తకణాలలోని టి-కణాలు దానిని శత్రువుగా భావించి దాడి చేస్తాయి. ఆ దాడిని ఆపే మందు కావాలి. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి నుండి అటువంటి మందు దొరికింది. దాని పేరు టాక్రోలిమస్. టి-కణాన్ని మేల్కొలిపే ఒక ఎంజైము ఉంది. ఈ మందు ఆ ఎంజైమును పనిచేయనివ్వదు.

ఆ ఎంజైము పేరు కాల్సిన్యూరిన్. పేరును విడదీసి చూడండి. అది కాల్షియంతో పనిచేస్తుంది గనుక 'కాల్సి'. నాడీకణాలలో సమృద్ధిగా ఉంటుంది గనుక 'న్యూరిన్'. 1979లో ఈ పేరు పెట్టారు. టి-కణంలో మనం ఆపదలచుకున్న ఎంజైమే మెదడులోనూ ఉన్నదన్నమాట! పైగా ఈ మందు రక్తనాళాల లోపలిపొరను దెబ్బతీస్తుంది, రక్తపోటును పెంచుతుంది, మూత్రంలో మెగ్నీషియంను పోగొడుతుంది. మెగ్నీషియం తగ్గితే నాడీకణాలు ఊరికే ఉద్రేకపడతాయి.

ఇప్పుడు వణుకు ఎందుకు వస్తుందో, ఫిట్స్ ఎందుకు వస్తాయో ఊహించగలరు కదా? కొందరిలో మెదడు వెనుకభాగంలో, అంటే చూపుకు సంబంధించిన ప్రాంతంలో, నీరు చేరి వాపు వస్తుంది. తలనొప్పి, చూపు మసకబారటం, ఫిట్స్ దీని లక్షణాలు. 1996లో డాక్టర్లు దీనిని ఒక ప్రత్యేకస్థితిగా వర్ణించారు. త్వరగా గుర్తించి రక్తపోటును అదుపుచేసి, మందు తగ్గించటమో మార్చటమో చేస్తే చాలామందిలో ఈ వాపు కొద్దిరోజులలో, వారాలలో తగ్గిపోతుంది. ఆలస్యమైతే శాశ్వతమైన నష్టం మిగలవచ్చు.

కత్తిమీద సాము

మందు ఎక్కువైతే మెదడుకు బాధ. తక్కువైతే కొత్త కాలేయానికి ముప్పు. అందుకే తరచు రక్తం పరీక్షించి మందు ఎంత ఉన్నదో చూస్తారు. దానిని కొలిచేది నానోగ్రాములలో, అంటే గ్రాములో వందకోట్లవ వంతులలో! ఫిట్స్ వస్తే వెంటనే మందునే అనుమానించి ఊరుకోరు. సోడియం, మెగ్నీషియం, గ్లూకోజు చూస్తారు. మెదడులో రక్తస్రావం గాని, సూక్ష్మజీవుల సోకుడు గాని ఉన్నదేమో పరీక్షిస్తారు.

చిక్కు ఇంకా ఉంది. ఫిట్స్‌కు పాతకాలం నుండి వాడే ఫెనిటాయిన్ అనే మందు, కాలేయంలోని ఎంజైములను పెంచి టాక్రోలిమస్‌ను త్వరగా ఖర్చుచేయిస్తుంది. మన పంపరపనస దీనికి ఎదురుపని చేస్తుంది: ఆ ఎంజైములను అడ్డుకొని రక్తంలో మందును పెంచుతుంది. అందుకే ఈ మందు వాడేవారు ఆ పండు తినకూడదంటారు. డాక్టరును అడగకుండా ఇంకే మందూ వేసుకోకూడదు. వణుకు వస్తున్నదని, గాలి సోకిందని ఉన్న మందు మానకూడదు. మానితే కాలేయమే పోవచ్చు.

మీ తరగతిలో

ఇట్లాంటి ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు మళ్ళీ బడికి వస్తున్నారు. మీ పక్కన కూర్చున్న స్నేహితుని చేతిరాత వంకరపోతే అది బద్ధకం కాకపోవచ్చు. కొందరికి పాఠం అర్థం కావటానికి కొంచెం ఎక్కువ సమయం పట్టవచ్చు. వారికి నోటుపుస్తకం ఇచ్చి సాయపడండి. మందు వల్ల వారికి రోగనిరోధకశక్తి తక్కువ గనుక, మీకు జలుబు, జ్వరం ఉన్నరోజున దూరంగా కూర్చోండి.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి. వాటి వల్ల ప్రయోజనం లేదు. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పోయకండి. పక్కకు ఒత్తిగిల్లేటట్లు పడుకోబెట్టి, చుట్టూ ఉన్న వస్తువులు తీసివేసి, గడియారం చూడండి. వెంటనే మాస్టారిని పిలవండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కు ఫోను చేయాలి. కాలేయం మార్పించుకున్న పిల్లలైతే, ఫిట్స్ ఆగిపోయినా అదేరోజున వారి డాక్టరుకు తెలియజేయాలి.