మన నీళ్ళ గుట్టు విప్పిన చదువు

ఆడపిల్ల బి.ఎస్సీ. పాసయిందంటే ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి. బి.ఎడ్. చేయించడమా, పెళ్ళి చేసెయ్యడమా అని. డాక్టరు సీటు రాకపోతే వైద్యానికి సంబంధించిన చదువు ఇక లేనట్టేనని చాలామంది తల్లుల నమ్మకం. కానీ ఒక జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, ఎందుకిలా అని ఊరూరా తిరిగి ఆరా తీసే చదువు ఒకటుంది. దాని పేరు ఎపిడమియాలజీ. పేరు నోరు తిరగనిదే గానీ, దాని అవసరం హనుమంతునిపాడు, కనిగిరి వైపు వాళ్ళం మాకు బాగా తెలుసు.

ఎడ్లు చెప్పిన సంగతి

1930 తర్వాతి రోజుల్లో నెల్లూరు జిల్లా రైతులు ఒక వింత గమనించారు. దుక్కి దున్నే ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. కొన్నాళ్ళకు మనుషుల్లోనూ అదే బాధ కనిపించింది. నడుము వంగదు, మెడ తిరగదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీన్ని పరిశోధించి, తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది ఆ జిల్లాలోనే. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా!

డాక్టరు తన ఎదుట కూర్చున్న రోగిని చూస్తాడు. ఈ శాస్త్రం చదివినవాళ్ళు మొత్తం ఊరిని చూస్తారు. ఏ బావి నీళ్ళు తాగేవాళ్ళకి జబ్బు వచ్చింది, పక్క వీధి వాళ్ళకి ఎందుకు రాలేదు, ఎన్నేళ్ళుగా తాగుతున్నారు అని రాసుకుని పోల్చి చూస్తారు. 1854లో లండనులో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసింది ఇదే. చనిపోయినవాళ్ళ ఇళ్ళను పటంలో గుర్తు పెడితే చాలావరకు ఒక పంపు చుట్టూనే ఉన్నాయట. ఆ పంపు పిడి ఊడదీయించారు.

తప్పు పిల్లది కాదు

మా వైపు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గారలు చూస్తూనే ఉంటాం. అవి సరిగా తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే చిన్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీళ్ళ ఫలితం. ఇది ఒకరినుంచి ఒకరికి అంటదు. వంశపారంపర్యమూ కాదు. అయినా ఆ పళ్ళు చూసి సంబంధం వద్దనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలో ఏ లోపమూ లేదు, లోపమంతా నీళ్ళలోనే ఉందని రుజువు చేసి చెప్పింది ఈ శాస్త్రమే.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకు ఫరవాలేదంటారు. కాచినా, గుడ్డతో వడగట్టినా ఇది పోదు. కాచినకొద్దీ నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రంగు, రుచి చూసి చెప్పలేం కాబట్టి మీ బోరింగు నీళ్ళు పరీక్ష చేయించడమొక్కటే మార్గం.

చింతపండు మీద పరిశోధన

పరిశోధన అంటే గాజు గొట్టాలే అనుకోనక్కర్లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు కొందరు పిల్లలకు మధ్యాహ్న భోజనంలో రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి, తినని పిల్లలతో పోల్చి చూశారు. తిన్నవాళ్ళ మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రకటించారు. పాల్గొన్న పిల్లలు కొద్దిమందే గనుక దీన్ని మందు అనుకోరాదు. మంచినీళ్ళకు బదులు చింతపండు పులుసు సరిపోదు!

ఈ సంస్థలోనే డాక్టర్ కమలా కృష్ణస్వామి గారు, డాక్టర్ కృష్ణమాచారి గారితో కలిసి, ఫ్లోరైడు ఊళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగి కాళ్ళు వంకరపోవడం గురించి 1970ల్లో పరిశోధించారు. తర్వాత ఆమె ఆ సంస్థకే డైరెక్టరయ్యారు.

ఏం చదవాలి?

దీనికి ఎం.పి.హెచ్. అనే రెండేళ్ళ పి.జి. కోర్సు ఉంది. అంటే ప్రజారోగ్యంలో మాస్టర్ డిగ్రీ. డాక్టర్లకే కాదు, చాలాచోట్ల నర్సింగ్, బి.డి.ఎస్., ఆయుర్వేదం, పశువైద్యం, సైన్సు డిగ్రీ చదివినవాళ్ళకూ అవకాశం ఇస్తారు. ఏ డిగ్రీ పనికొస్తుందన్నది సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ప్రకటన చూసుకుని దరఖాస్తు చేయాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, అక్కడే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఈ కోర్సుంది. త్రివేండ్రంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1997 నుంచే నడుపుతోంది. లెక్కలంటే ఇష్టమున్న పిల్లకు స్టాటిస్టిక్స్, వంట మీద మక్కువ ఉన్న పిల్లకు న్యూట్రిషన్ కూడా ఈ రంగంలోకి దారులే.

ఉద్యోగాలంటారా? పరిశోధనా సంస్థల్లో, సర్వేల్లో ఉంటాయి. 2004లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వ్యాధుల నిఘా పథకంలో జిల్లాల్లో ఎపిడమియాలజిస్టులను పెట్టుకుంటారు. అయితే చాలా పోస్టులు కాంట్రాక్టువి, ఊళ్ళు తిరగాల్సిన పని. ఈ రెండూ ముందే తెలుసుకుని చేరడం మంచిది. సర్వేకి వెళ్ళినప్పుడు నెలసరి బాధలు, కాన్పు కష్టాలు, నీళ్ళ తిప్పలు ఆడవాళ్ళు ఆడపిల్లతోనే విప్పి చెబుతారు. అందుకే ఈ పనికి మన పిల్లలు కావాలి. అందులోనూ బిందె మోసిన పిల్లకు ఏ బోరు నీళ్ళు ఎవరు తాగుతారో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మీ అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంటే, ఎం.పి.హెచ్. అని ఒక కాగితం మీద రాసిచ్చి, కాలేజీలో లెక్చరర్లను అడిగి రమ్మనండి. పెళ్ళి మాట ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.