ఎర్రగుంట్ల–నంద్యాల రైలు: సరుకు ఎక్కితేనే తీరే అప్పు

ప్రొద్దుటూరు: శనగలు, సిమెంటు, అరటి... ఏ సరుకు ధరలోనైనా కిరాయి కలిసే ఉంటుంది. కిరాయి చీటీలో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. దారి వేసినప్పుడు, మరమ్మతు చేసినప్పుడు, దానిపై బండ్లు నడిపినప్పుడు గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువే ఆ ఖర్చు. దారి ఆయుష్షు మొత్తానికి ఈ మూడు పద్దులూ కూడితే గాని లాభనష్టాలు తేలవు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా సాగే ఎర్రగుంట్ల–నంద్యాల మార్గం 1996–97లో మంజూరై, 2016లో పూర్తయింది. పొడవు 123 కిలోమీటర్లు. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలు రెండు వరుసలు పరిస్తే 14,760 టన్నుల ఉక్కు కావాలి. టన్ను ఉక్కు తయారీలో సుమారు 2 టన్నుల వాయువు వెలువడుతుంది. అంటే ఒక్క పట్టాల అప్పే దాదాపు 29,500 టన్నులు. సిమెంటు స్లీపర్లు, కంకర, పెన్నపై వంతెన దీనికి అదనం.

ఇక జమ వైపు చూస్తే, 16 టన్నుల లోడు లారీ లీటరు డీజిలుకు 4 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. టన్ను సరుకును కిలోమీటరు చేర్చడానికి 42 గ్రాముల వాయువు అవుతుంది. రైలుకు 12 గ్రాములని వేసుకుంటే మిగులు 30 గ్రాములు. ఈ లెక్కన 123 కిలోమీటర్లకు టన్నుకు 3.7 కిలోలు మిగులుతాయి. పట్టాల అప్పు తీరాలంటే సుమారు 80 లక్షల టన్నుల సరుకు లారీ దిగి రైలెక్కాలి. అదే సరుకు 400 కిలోమీటర్లు రైలులోనే పోతే 25 లక్షల టన్నులు చాలు.

60 కిలోల పట్టా బండ్ల బరువుతో సహా సుమారు 80 కోట్ల టన్నుల రాకపోకలకు పనికొస్తుంది. రద్దీ ఉంటే అప్పు ఎన్నోసార్లు తీరుతుంది. లేకుంటే తుప్పే పట్టాను తినేస్తుంది.

పులివెందులకు రైలు మార్గం లేదు. అయినా అరటి చూపిన దారి గమనించదగ్గది. 2020 జనవరిలో పొరుగున ఉన్న తాడిపత్రి నుంచి ముంబయి నెహ్రూ రేవుకు 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ఎగుమతికి వెళ్లింది. సుమారు 900 కిలోమీటర్ల ప్రయాణం. పై లెక్క ప్రకారం ఆ ఒక్క బండికే 26 టన్నుల వాయువు ఆదా. కొత్త పట్టా వేయకుండానే వచ్చిన మిగులు ఇది. శీతలీకరణ ఖర్చు ఎలా వెళ్లినా తప్పదు.

2006 నాటి కేంద్ర పర్యావరణ అనుమతుల ప్రకటన జాబితాలో జాతీయ రహదారులు ఉన్నాయి, రైలు మార్గాలు లేవు. కనుక ఈ లెక్క అడిగేవారు తక్కువ.

వర్తకులకు మాత్రం దగ్గరి ఊళ్లకు లారీయే అనుకూలం. రైలుకైతే స్టేషనులో ఎక్కించి దించే హమాలీ, మళ్లీ లారీ కిరాయి తప్పవు. దూర ప్రాంతాలకు పోయే సిమెంటు, శనగల వంటి బరువు సరుకులకు గూడ్సు షెడ్లు, వ్యాగన్లు సకాలంలో అందితేనే ఇరవయ్యేళ్లు పట్టిన ఈ దారి తన అప్పు తీర్చుకోగలదు.