మీ బండికి రీకాల్ ఉందా? ఉత్తరం కోసం కాచుకోకండి



మన ఆరో తరగతి పిల్లవాడి నాన్నగారు పోయిన నెల బడికి వచ్చినప్పుడు చెప్పిన సంగతి ఇది. మూడేళ్ల కింద ఆయన బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఈమధ్య ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని హోసూరుకు తిరిగి వస్తుంటే, అత్తిబెలె దగ్గర హైవే మీద బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకాలే లారీ. ఆ డ్రైవరు చూసుకుని పక్కకు తిప్పాడు కాబట్టి సరిపోయింది. మెకానిక్కు చూసి ఫ్యూయల్ పంపు పోయిందన్నాడు. డబ్బు పెట్టి మార్పించారు. తర్వాత వేరే పని మీద కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోతే, అక్కడి అతను కంప్యూటర్‌లో నంబరు కొట్టి, "సార్, మీ బండికి ఫ్యూయల్ పంపు రీకాల్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఊరికే మార్చి ఇచ్చేవాళ్లం. లెటర్ కూడా పంపించామే!" అన్నాడు.

లెటర్ పోయింది నిజమే. పోయింది మొదటి ఓనరు ఇంటికి.

మనలో చాలామంది బండ్లు ఇట్లాంటివే. ఊరు తమిళనాడులో, బండి కర్ణాటకలో కొన్నది, చుట్టాలు ఆంధ్రలో. అందుకే ఈ రీకాల్ అంటే ఏమిటో, మనకు ఎట్లా తెలుస్తుందో నాలుగు మాటలు రాస్తున్నాం.

రీకాల్ అంటే ఏమిటి?

బండి అమ్మిన తర్వాత అందులో ఏదో ఒక భాగం తయారీలోనే తప్పుగా ఉందని తెలిస్తే, ఆ వరసలో తయారైన బండ్లన్నిటినీ కంపెనీ వెనక్కి పిలుస్తుంది. చూసి, అవసరమైతే ఆ భాగం మారుస్తుంది. భాగానికీ, కూలికీ మన దగ్గర డబ్బు తీసుకోరు. వారంటీ అయిపోయినా, బండి చేతులు మారినా ఆ హక్కు బండితోనే ఉంటుంది.

ఇవి చిన్నా చితకా లెక్కలు కావు. 2021 సెప్టెంబరులో మారుతి సుజుకి 1,81,754 పెట్రోల్ కార్లను పిలిచింది. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 మోడళ్లలో, 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 లోపల తయారైనవి అందులో ఉన్నాయి. మోటార్ జనరేటర్ యూనిట్ అనే భాగం చూడాల్సి వచ్చింది. అది అయ్యేదాకా నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడపొద్దనీ, కరెంటు భాగాల మీద నీళ్లు కొట్టొద్దనీ కూడా చెప్పారు. చూడండి, రిపేరు కాకముందే ఆ కబురు తెలియడం ఎంత ముఖ్యమో. తెలియని ఓనరు వానలో మామూలుగానే నడుపుతుంటాడు.

బైకులకూ రీకాల్ ఉంటుంది. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ మన దేశంతో పాటు మరికొన్ని దేశాల్లో కలిపి 2,36,966 బండ్లను ఇగ్నిషన్ కాయిల్ కోసం పిలిచింది.

పాత బండి కదా, మనకెందుకు అనుకోవద్దు. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగులు ప్రపంచమంతా కోట్ల బండ్లలో ఉండేవి. వాటిని ఉబ్బించే మందు ఏళ్ల తరబడి వేడికీ, గాలిలోని తేమకూ చెడిపోయేది. అప్పుడు బ్యాగు తెరుచుకునేటప్పుడు లోపలి ఇనుప డబ్బా పగిలి ముక్కలు మనిషికి గుచ్చుకునేవి. ప్రాణాలు కూడా పోయాయి. బండి పాతబడేకొద్దీ అపాయం పెరిగిన లోపం అది. వేడి, ఉక్క ఉన్న మన సముద్రం పక్క ఊళ్లవాళ్లు దీన్ని ఇంకా గుర్తుపెట్టుకోవాలి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తామే రీకాల్ చేసే పద్ధతి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం, లోపం ఉన్న బండ్లను వెనక్కి తీసుకోమని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి దీని నియమాలు అమల్లోకి వచ్చాయి. జరిమానా రూ. 1 కోటి దాకా ఉంటుంది. ఓనర్ల ఫిర్యాదులు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే గొణుక్కుని ఊరుకోకుండా ఫిర్యాదు పెట్టండి.

కబురు మనదాకా ఎందుకు రాదు?

కంపెనీ దగ్గర ఉన్న ఫోన్ నంబరుకూ, చిరునామాకే కబురు పోతుంది. ఆర్‌సీ పేరు మార్చుకోకపోతే, ఫోన్ నంబరు మారితే, ఊరు మారితే అక్కడితో ఆగిపోతుంది. బయటి మెకానిక్కు దగ్గరే సర్వీస్ చేయించే బండి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కంపెనీకి తెలియకపోవచ్చు. ఒకవేళ ఉత్తరం వచ్చినా, అది ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు ఏదో అడ్వర్టైజ్‌మెంటు అనుకుని పక్కన పడేస్తారు.

మనం చేయాల్సింది

1. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు చూడండి. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. డిజీలాకర్‌లో, ఎంపరివాహన్ యాప్‌లో కూడా దొరుకుతుంది. ఈ నంబరులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కాబట్టి గుండ్రంగా కనబడేది సున్నా, నిలువు గీతలా కనబడేది ఒకటి.

2. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేసి చూడండి. చేతకాకపోతే దగ్గరి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, "ఈ ఛాసిస్ నంబరుకు రీకాల్ ఏదైనా బాకీ ఉందా?" అని అడగండి. ఏడాదికి రెండుసార్లు అడిగితే మంచిది.

3. మీ ఫోన్ నంబరు, చిరునామా వాళ్ల దగ్గర మార్పించండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఆర్‌సీ మీ పేరుకు మార్చుకోండి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ కూడా ఇక్కడికి మార్చాలి.

4. రిపేరు అయ్యాక జాబ్ కార్డు అడిగి తీసుకోండి. బండి అమ్మేటప్పుడు అది కొన్నవాళ్లకు ఇవ్వండి. మీరు అమ్మేసిన బండికి ఉత్తరం వస్తే, కొన్నవాళ్లకు ఒక ఫోన్ కొట్టండి.

5. రీకాల్ పేరుతో డబ్బు, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. ఎస్ఎంఎస్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, మీరే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి.

పిల్లలకు ఒక పని

ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలు ఈ ఆదివారం ఇంట్లో ఉన్న ప్రతి బండికీ ఛాసిస్ నంబరు ఒక కాగితం మీద రాసి నాన్నకో, అమ్మకో ఇవ్వండి. పక్కింట్లో చదువురాని తాతో, అవ్వో ఉంటే వాళ్ల ఇంటి బండి నంబరూ రాసిపెట్టండి. ఆ కాగితం బడికి తేవద్దు, వేరేవాళ్లకు చూపొద్దు. ఇంట్లోవాళ్లు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశారా లేదా అన్నది మాత్రం సోమవారం మీ క్లాస్ టీచర్‌కు చెప్పండి.