చిటుకు రోగానికి కొత్త సూది ఎప్పుడొస్తది?

తొలకరి పడి గడ్డి మొలిచినంక మా దొడ్ల మొదలు చచ్చేది బక్క గొర్రె గాదు, బాగ బలిసిన పిల్లనే. పొద్దుగాల గంతులేసింది పగటాల్లకు కాళ్లు కొట్టుకుంట పడిపోయేది. మా అవ్వ దిష్టి తగిలిందనేది. చిటికేసినంత సేపట్ల పానం పోతది గనుకనే దానికి ఆ పేరు. నేను డాక్టర్ను గాదు, పదో తరగతి తప్పినోన్ని. చచ్చిన పిల్లలను లెక్కవెట్టుకుంటనే ఈ రోగం గురించి చదువుడు మొదలువెట్టిన.

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా గొర్రె పేగుల్ల ముందుగాల్నే ఉంటది, సప్పుడు జేయది. లేత గడ్డో, గింజలో ఒక్కసారే దండిగ తింటే దానికి పండుగ. పెరిగి పెరిగి ఎప్సిలాన్ అనే విషం విడుస్తది. ఆ విషం నెత్తుర్ల కలిసి మెదడును, మూత్రపిండాలను పట్టుకుంటది. ఇగ మందిచ్చే టైమ్ దొరకదు. సూది ముందే పడాలె.

ఇప్పుడు మా మందకు ఏసే సూది పాత పద్ధతిది. గాలి తగలకుంట తొట్లల్ల ఆ బ్యాక్టీరియానే పెంచుతరు, దాని విషానికి ఫార్మలిన్ కలిపి కోరలు పీకుతరు. పనిచేస్తది, కాదనను. కానీ ఓ బ్యాచుల విషం ఎక్కువొస్తది, ఓ బ్యాచుల తక్కువ. ఫార్మలిన్ చాలకుంటె ప్రమాదం, ఎక్కువైతే టీకా బలం తగ్గుతది.

రీకాంబినెంట్ దారి వేరే. ఏ ప్రోటీన్ అయినా అమైనో ఆమ్లాల దండ. ఎప్సిలాన్ దండల 106వ పూస హిస్టిడిన్. దాన్ని తీసి ప్రోలిన్ పెడితే విషానికి చంపే గుణం పోతది, రూపం మాత్రం దాదాపు అట్లనే ఉంటది. ఇట్ల మార్చిన జన్యువును ల్యాబుల పెంచే ఈ.కోలై బ్యాక్టీరియాల పెడితే, అదే మనకు ఆ ప్రోటీన్ వండి పెడ్తది. శుద్ధి చేసి సూది ఏస్తే గొర్రె ఒళ్లు ఆ రూపాన్ని యాదివెట్టుకుంటది, అసలు విషం వచ్చిననాడు గుర్తువడుతది. బ్రిటన్ శాస్త్రవేత్తలు 1998లనే దీన్ని ఎలుకల మీద చూపించిన్రు.

మనకు ఈ విద్య రాదా? 1997లనే హైదరాబాద్‌ల శాంతా బయోటెక్నిక్స్ మనుషులకు రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. పందుల్ల బద్దెపురుగుకు సుత అదే తీరు టీకాను హైదరాబాద్ కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ చేసింది. విద్య ఉన్నది, గొర్రె దాక రాలే. 2017ల గొర్ల స్కీముల యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు పంచినప్పుడు చూసిన హడావిడి, వాటి టీకా పరిశోధన మీద నాకెన్నడు కండ్లవడలే.

అట్లని కొత్తది మంత్రం గాదు. ఒట్టి ప్రోటీన్‌ను చూసి ఒళ్లు అంతగ మేల్కొనదు, దానికి అడ్జువెంట్ అనే తోడు కలపాలె. మొదటిసారి ఏసే పిల్లలకు కొన్ని వారాలకు ఇంకో డోసు పడాలె. సల్లగ సుత ఉంచాలె. మొన్న మా ఊరికి సూదేసేటాయన వచ్చినప్పుడు డబ్బ మూత తీసి చూసిన. ఐస్ మొత్తం కరిగి నీళ్లైంది. "దార్ల బండి ఆగిపోయింది తమ్మీ" అన్నడు. ఆ సూదులే ఏయించుకున్నం.