ఆన్‌లైను జూదము – స్వయంనిషేధము

పూర్వము పేకాటకు పోవువాడు ఊరి వెలుపలి తోటకు పోవలసి యుండెను. దారిలో నలుగురు చూచెడివారు. ఇంటివారు వెదకుకొని వచ్చెడివారు. నేడు జూదము సెల్‌ఫోనులో చేరి మిరపకల్లము నొద్దకే వచ్చినది. పంట సొమ్ము ఖాతాలో పడిన రాత్రియే, మంచము దిగకుండ, దానిని పోగొట్టుకొన వచ్చును.

అమరావతి ప్రాంతమున మే మెరిగిన యొక రైతు గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు అమ్మిన సొమ్మును ఇట్లే పోగొట్టెను. మొదట కొంత గెలిచెను. పిదప పోయినదానిని రాబట్ట నెంచి, ఎరువుల బాకీకై యుంచినదియు ఒడ్డెను. బుద్ధి తెచ్చుకొని రెండు మాసములు మానెను. అంతలో “మీ ఖాతాలో ఉచితముగా కొంత జమ చేసితిమి, రండు” అని సందేశము వచ్చెను, మరల నాడెను. ధర్మరాజంతవాడు తొలి జూదమున పోయినదెల్ల తిరిగి పొందియు, రెండవమారు పిలువగనే పోయి వనవాసము తెచ్చుకొనెను. జూదరిని చెరుచునది ఆ రెండవ పిలుపే.

ఆ పిలుపు నాపుటకే గ్రేట్ బ్రిటనులో ‘గ్యామ్‌స్టాప్’ అను పట్టిక యేర్పడినది. జూదరి తన పేరును తానే అందు వ్రాయించుకొనును. ఆరు మాసములో, ఒక సంవత్సరమో, అయిదు సంవత్సరములో గడువు కోరవచ్చును. గడువు తీరక మునుపు తానే బ్రతిమాలినను పేరు తీసివేయరు. లైసెన్సు గల ఆన్‌లైను సంస్థలన్నియు ఇందు చేరవలెనని 2020 మార్చి 31 నుండి నిబంధన. ఆ యేప్రిల్ 14 నుండి క్రెడిట్ కార్డుతో జూదమాడుటయు అచ్చట నిషిద్ధము.

మన దేశపు మార్గము వేరు. మన రాష్ట్రమున 1974 నాటి జూదపు చట్టమును 2020లో సవరించి ఆన్‌లైను జూదమును నిషేధించిరి. ఈ చట్టము ఆడువానిని సైతము విడువదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించుచు చట్టము చేసెను. ఆడించువారికి మూడేండ్ల వరకు ఖైదు, కోటి రూపాయల వరకు జుల్మానా. ప్రకటనలు చేయువారికి రెండేండ్లు, 50 లక్షలు. అయినను దొంగచాటుగా ఆడించువానికి లైసెన్సు లేదు, పట్టికయు లేదు. కనుక స్వయంనిషేధమును మనమే ఏర్పరచుకొనవలెను.

అందులకు ఉపాయములు గలవు. కార్డుతో ఆన్‌లైను చెల్లింపులు జరుగకుండ ఆపివేయు హక్కు ఖాతాదారునకు గలదు. ఫోను ద్వారా దినమునకు పంపగల మొత్తమును తగ్గింపుమని బ్యాంకు నడుగవచ్చును. విత్తనముల, ఎరువుల, సంఘపు బాకీలు ముందు తీర్చి, మిగిలినది ఇద్దరి సంతకములు లేనిదే తీయరాని ఖాతాలో వేయుట మేలు. పందెపు బాకీ యని యెవడైన బెదిరించినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అట్టి దావా కోర్టులో చెల్లదని యెరుగుడు. ఆన్‌లైనులో మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయవలెను. మనస్సు నిలువనివారికి 14416 నంబరున ఉచితముగా సలహా దొరకును.

ఇవన్నియు సొమ్ము చేతికి రాక మునుపే చేయవలసిన పనులు. పైన చెప్పిన రైతు ఈ యేడు కాయ కల్లమున నుండగనే భార్యను వెంటబెట్టుకొని బ్యాంకునకు పోయి కార్డు కట్టించివేసెను. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. సభ్యులెవరైన అట్లు చేయగోరినచో తోడు వచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.